మడి కట్టుకున్న రికార్డు

దాదరు, బొంబాయి
9 సెప్టెంబరు 1974

పిన్నికి బుల్లిబాబు నమస్కారాలు, కంగారుగా.

నిన్న పొద్దున్నే క్షేమంగా దిగాను. నువ్వు కట్టిచ్చిన పులిహోర షోలాపూరు దాటకముందే అయిపోయింది. సగం ఎదురు సీటాయనే తిన్నాడు. తింటున్నంతసేపూ మీ పిన్ని చేతి ఇంగువ అమోఘమని పొగిడాడు కాబట్టి నేను కాదనలేకపోయాను.

ఫ్యాక్టరీ బస్సుకి టైమవుతోందని బాబాయి తరమడంతో నీతో అసలు మాట చెప్పకుండానే బయలుదేరాను. నీ బియ్యం డబ్బా వెనకాల నలుచదరంగా, పల్చగా ఒక అట్టపెట్టె ఉంటుంది. అది నేనే పెట్టాను. అందులో గ్రామఫోను రికార్డు ఉంది. పెద్ద సైజుది, విదేశీయులు పాడినది, మొత్తం పన్నెండు పాటలు. బ్లూస్ రాక్ అని ఒక రకం సంగీతంలే. కొలాబా ఫుట్‌పాత్ మీద నడుం దాకా జుట్టున్న ఒక దొర దగ్గర నా గొడుగు ఇచ్చి తీసుకున్నాను. వానాకాలంలో, బొంబాయిలో, గొడుగు ఇచ్చేశానంటే అది నాకెంత ప్రాణమో నువ్వే ఆలోచించుకో. ఆఫీసు స్నేహితుడి ఇంట్లో నాలుగుసార్లు విన్నాను. నాలుగుసార్లూ అన్నం మానేశాను.

ఇక్కడ ఉంచుకుందామంటే గదికి నలుగురం. ఆమధ్య సీతారామయ్య దాని మీద మరమరాలూ ఉల్లిపాయముక్కలూ కలుపుకుని తిన్నాడు. అందుకే నీ దగ్గరికి చేర్చాను.

జాగ్రత్తలు చెబుతాను, శ్రద్ధగా చదువు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తప్పనిసరైతే చేతులు శుభ్రంగా కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకోవాలి. నల్లటి ముఖం మీద వేలు ఆనకూడదు. ఉతికిన మెత్తటి గుడ్డతో తప్ప తుడవకూడదు. ఎండ తగలకూడదు. దాని మీద ఏదీ పెట్టకూడదు. నిలబెట్టే ఉంచాలి. బాబాయికి మాత్రం చెప్పకు, ఆవకాయ జాడీకి మూతగా బాగుందంటాడు.

నీ బుల్లిబాబు

*

తెల్లాపూర్
16 సెప్టెంబరు 1974

చిరంజీవి బుల్లిబాబుకి పిన్ని వెయ్యి దీవెనలు, రెండు చీవాట్లు.

మొదటి చీవాటు గొడుగుకి. రెండోది, అంతటి వస్తువుని బియ్యం డబ్బా వెనకాల, బొద్దింకల మధ్య పెట్టినందుకు. నీ ఉత్తరం చదివి నా గుండె గుభేలుమంది. స్నానం చేయకుండా ముట్టుకోకూడదు, మైల గుడ్డ తగలకూడదు, ముఖం మీద వేలు పెట్టకూడదు! ఇన్ని నియమాలు మా అత్తగారి సాలగ్రామానికి కూడా లేవురా. ఆ సీతారామయ్య దాని మీద ఉల్లిపాయ పెట్టి తిన్నాడా? వాడి కళ్ళు పోకుండా ఉన్నాయంటే ఆ స్వామి ఎంత శాంతమూర్తో అర్థమవుతోంది.

వెంటనే తలస్నానం చేసి, మడి చీర కట్టుకుని, అంచులు పట్టుకుని దేవుడి గదిలోకి మార్చాను. వెంకటేశ్వరస్వామి పటానికి కుడివైపున పీట వేసి నిలబెట్టాను. అట్ట మీది బొమ్మ చూశాను. గడ్డాలూ మీసాలూ ఉన్న ఆరుగురు బైరాగులు రైలు స్టేషను బల్ల మీద కూర్చున్నారు. ఒకాయన కళ్ళు మూసుకుని ఒక పెద్ద తంబురాని కావలించుకున్నాడు, చెంప మీద కన్నీరు కూడా కనిపిస్తోంది. పక్కన రేకు కమండలం ఉంది. కాళ్ళ దగ్గర కుక్క ఉంది. కుక్కని చూడగానే నాకు వెలిగింది. దత్తాత్రేయుడి దగ్గర ఉండవూ కుక్కలు? ఈమధ్య విదేశీయులంతా తలకాయలు గొరిగించుకుని భజనలు చేస్తున్నారని పేపర్లో చూస్తూనే ఉన్నాం. వీళ్ళు ఇంకా గొరిగించుకోని శాఖ కాబోలు.

మనకి ఇల్లు అద్దెకిచ్చిన కిష్టమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి, "గిదేంది పుణ్యమ్మా, ప్లేటుకు పూజ చేస్తున్నవ్?" అంది. నీ నియమాలన్నీ చదివి వినిపించాను. "అబ్బో, మా పోచమ్మ తల్లికి గూడ గిన్ని లెవ్వు" అని చెంపలేసుకుని, పెరట్లోంచి బంతిపూలు తెచ్చి ఇచ్చింది. మూడేళ్ళలో ఆవిడ నాకు పువ్వులివ్వడం ఇదే మొదటిసారి.

మీ బాబాయికి చెప్పేశాను, నా నోట్లో మాట దాగదని నీకు తెలుసు. ఆయన చూసి "ఊఁ" అన్నారు. సంతానం లేని ఇంట్లో నువ్వు పెరిగావు కాబట్టి కోప్పడరు. ఇంతకీ వాళ్ళు పాడేది ఏ స్వామి మీదో రాయి, అష్టోత్తరం ఎవరిది చదవాలో తెలియక గోవిందనామాలతో సరిపెడుతున్నాను.

ఎదురుచూస్తూ,
పుణ్యవతి పిన్ని

*

బొంబాయి
24 సెప్టెంబరు 1974

పిన్నీ, నీ పాదాలకి దూరం నుంచే మొక్కుతున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి సీతారామయ్య లాక్కుని గదిలో అందరికీ చదివాడు. అప్పట్నుంచి వాడు ఆఫీసుకి వెళ్ళేముందు తన కళ్ళు పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటున్నాడు.

నిజం చెబుదామనే కూర్చున్నాను. కానీ నువ్వు దాన్ని పీట మీద నిలబెట్టావు, ఎండ తగలనివ్వవు, ఎవర్నీ ముట్టుకోనివ్వవు. ఇంతకంటే మంచి కాపలా బొంబాయి మ్యూజియంలో కూడా దొరకదు. కాబట్టి ఇంతమాత్రం చెబుతాను: వాళ్ళు చాలా ఆవేదనతో పాడతారు. ఒకరిని తలుచుకుని, పిలిచి, రాలేదని ఏడుస్తారు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎవర్ని పిలుస్తారన్నది ఒక్కో పాటకి మారుతుంది కాబట్టి గోవిందనామాలే క్షేమం.

ఒక్క సంగతి మరిచిపోకు. హారతి దగ్గరికి తేవద్దు. వేడి తగిలితే అది వంగిపోతుంది. అభిషేకాలు అసలే వద్దు. పాలు, తేనె, పంచదార ఏదీ! చీమలు పడితే నేను బతకను. సాంబ్రాణి పొగ కూడా వద్దు.

నీ బుల్లిబాబు

*

తెల్లాపూర్
14 అక్టోబరు 1974

బొంబాయిలో ఉన్న మా బంగారానికి తెల్లాపూర్ నుంచి పిన్ని ఆశీస్సులు.

హారతి పడదు, పొగ పడదు, అభిషేకం అసలే పడదు అని నువ్వు రాసింది అందరికీ చెప్పాను. శుద్ధ నిర్గుణోపాసన అన్నమాట. ఊళ్ళో భయభక్తులు ఇంకా పెరిగాయి.

కిష్టమ్మ బర్రె రెండురోజులు కనబడకుండా పోయింది. పాపం, నల్లగండ్ల దాకా వెతికించింది. చివరికి మన గుమ్మంలో నిలబడి, దణ్ణం పెట్టి, "ఓ ప్లేటు సామీ, నా బర్రె దొర్కితే నీకు నూటొక్క బంతిపూలు" అని మొక్కుకుంది. మర్నాడు పొద్దున్నే బర్రె దానంతటదే వచ్చి దొడ్లో నిలబడింది. వీధి చివరి పోశెట్టి దాన్ని రెండురోజులు తన చేలో కట్టేసి, మేత పెట్టలేక వదిలేశాడని తరవాత తెలిసిందిగానీ అప్పటికే పూలు కట్టడం అయిపోయింది. ఇప్పుడు రోజూ పదిమంది ఆడవాళ్ళు వస్తున్నారు. కొండాపూర్ నుంచి కూడా.

అసలు కబురు ఇప్పుడు చెబుతున్నాను. ఫ్యాక్టరీ క్వార్టర్లలో స్టోర్సు ఆఫీసరు యజ్ఞనారాయణ గారని ఉన్నారు. నిత్యానుష్ఠానం చేసే మనిషి. ఆయన చెవిన పడి, కూతుర్ని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చారు. ఆయన గుమ్మం బయటే చెప్పులు విడిచి, "ఈ రోజుల్లో బొంబాయిలో ఉంటూ ఇటువంటి దానికోసం గొడుగు త్యాగం చేసిన కుర్రవాడు ఉన్నాడంటే నమ్మశక్యంగా లేదండీ" అన్నారు. నేను నీ జీతం, గోత్రం అడక్కుండానే చెప్పాను.

పిల్ల పేరు బాలాత్రిపురసుందరి. కోఠీలో బి.ఏ. చదివింది, ఇంగ్లీషు మంచినీళ్ళలా మాట్లాడుతుంది. చామనఛాయ, పెద్ద కళ్ళు. అట్ట మీది బొమ్మ చూసి, వెనకవైపు తిప్పి అక్షరాలన్నీ చదివింది. చదవడమేమిటి, పాపం భక్తితో గొంతు పూడుకుపోయి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే దగ్గు. కళ్ళంట నీళ్ళు కూడా వచ్చాయి. తేరుకుని, "ఇది విని తీరాలండీ పిన్నిగారూ" అంది. అవును కదా అనిపించింది. నెలరోజుల నుంచి కొలుస్తున్నాం, స్వామి గొంతెలా ఉంటుందో ఒక్కరం వినలేదు.

అందుకని కార్తీక పౌర్ణమికి, నవంబరు ఇరవైతొమ్మిదిన, మన వాకిట్లో మైకు పెట్టించి అందరికీ వినిపించాలని నిశ్చయించాం. కొండాపూర్ బాలనర్సయ్యకి మైకు సెట్టు ఉంది. నీ సంబంధం సంగతి కూడా ఆ రోజే కదుపుదామని యజ్ఞనారాయణ గారు సూచించారు.

ఇట్లు నీ మేలుకోరే,
పిన్ని

*

బొంబాయి
21 అక్టోబరు 1974

పిన్నీ!

దణ్ణాలు తరవాత. మైకా? మైకెందుకు పిన్నీ?

అది వినే రికార్డు కాదు. అంటే, వినే రికార్డే. కానీ అందరూ వినకూడదు. మైకు సెట్టు వాళ్ళ దగ్గర ఇనప సూదులుంటాయి, ఒక్క గీత గీస్తే రికార్డు నాశనం. ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. దానికి వేరే సూది కావాలి, అది కొండాపూర్‌లో దొరకదు. పైగా మౌనంగా కొలవడంలో ఉన్న ఫలితం వినడంలో లేదు. పైగా పౌర్ణమి నాడు అసలే వేయకూడదు. ఎందుకో మళ్ళీ రాస్తాను.

సంబంధం మాట ఎత్తకు. ఆఫీసరు కూతురు, కోఠీ ఇంగ్లీషు, నా వల్ల కాదు. అందులోనూ బొమ్మ చూస్తేనే కన్నీళ్ళు పెట్టుకుని దగ్గే పిల్లని నేనేం భరించను? ముందు ఆ దగ్గు ఏమిటో ఎవరికైనా చూపించుకోమను.

నీ బుల్లిబాబు

*

తెల్లాపూర్
2 నవంబరు 1974

చిరంజీవి బుల్లిబాబుకి. పిన్ని రాస్తున్నది, తీరిగ్గా చదువు.

నీకు ఆ పిల్ల మీద అప్పుడే ఇంత శ్రద్ధ కలిగినందుకు మీ బాబాయి కూడా సంతోషించారు. "నీ దగ్గు తగ్గిందా అని మా వాడు బొంబాయి నుంచి అడిగాడమ్మా" అని చెప్పాను. ఆ మాట వినగానే మళ్ళీ దగ్గు తెర వచ్చింది. ఊరుకుంటానా, మిరియాల కషాయం కాచి దగ్గరుండి గ్లాసుడు తాగించాను. వారానికి రెండుసార్లు వచ్చి తాగి వెళుతోంది.

సూది గురించి దిగులు పడకు. నువ్వు రాసింది బాలనర్సయ్యకి చెబితే నొచ్చుకుని, పెట్టెని సైకిలు మీద కట్టుకుని వచ్చి చూపించాడు. "ఇనుప సూది మా నాయిన జమానల అమ్మా. గిది నాజూకు సూది. పుప్పాలగూడల పటేలు బిడ్డ పెండ్లికి గిసోంటి పెద్ద ప్లేట్లే ఏసిన. జర ఫికర్ జెయ్యకు" అన్నాడు. పెట్టెకి వేగం మార్చే మీట కూడా ఉందిట, మూడు రకాలు. మనిషి నెమ్మదస్తుడు.

పౌర్ణమి నాడు ఎందుకు వేయకూడదో నువ్వు రాస్తానన్నావు, రాయలేదు. యజ్ఞనారాయణ గారు పంచాంగం చూసి ఏ దోషమూ లేదన్నారు. చుట్టుపక్కల నాలుగూళ్ళకీ చాటింపు అయిపోయింది. పాటలు ఇంగ్లీషులో ఉంటాయి కదా, అందరికీ ఎలా అర్థమవుతుందని నేను దిగులు పడుతుంటే త్రిపుర తనే ముందుకొచ్చింది. ఒక్కో చరణం అవగానే బాలనర్సయ్య సూది ఎత్తుతాడు, తను మైకులో తెలుగు అర్థం చెబుతుంది, మళ్ళీ సూది దించుతాడు. హరికథలాగా.

ఒక మాట రాయనా బుల్లీ, నవ్వకు. ఈ ఊరొచ్చి మూడేళ్ళయింది. క్వార్టరు రాక ఊళ్ళో అద్దెకున్నామని కాలనీ ఆడవాళ్ళు నన్ను తమలో కలుపుకోలేదు. ఆంధ్రా నుంచి వచ్చిన మడి మనిషని ఊళ్ళోవాళ్ళు దూరంగా ఉన్నారు. పసుపూ కుంకానికి పిలిచే గుమ్మం ఒక్కటి లేదు. మీ బాబాయి డ్యూటీకి వెళితే సాయంత్రం దాకా గోడలతోనే మాట్లాడేదాన్ని. ఇప్పుడు వీధిలోకి వెళితే "రికార్డు పిన్నిగారొచ్చారు" అంటున్నారు. నువ్వు పంపిన రికార్డు నాకు పదిమంది మనుషుల్ని తెచ్చి ఇచ్చిందిరా. అందుకే ఈ పౌర్ణమి బాగా జరగాలి.

నీ రికార్డు పిన్ని

*

బొంబాయి
23 నవంబరు 1974

పిన్నికి,

ఈ ఉత్తరం రాయడానికి మూడువారాలు పట్టింది. నాలుగు కాయితాలు చించాను.

అవి భజనలు కావు. ఆ ఆరుగురూ బైరాగులు కారు. కమండలం అనుకున్నది సారా తాగే గ్లాసు. కుక్క కుక్కే. మొదటి పాటలో ఒకడి పెళ్ళాం తెల్లారేసరికి వెళ్ళిపోయింది. రెండో పాటలో సారాకొట్టు మూసేశారని ఏడుస్తాడు. మూడోవాడు జైల్లో ఉన్నాడు. నాలుగోవాణ్ణి ఇంటివాడు సామాను బయట పారేసి గెంటేశాడు. తక్కిన వాటిలోనూ ఇవే, వరస మారుతుంది. రెండోవైపు చివరి పాట గురించి నేను నీకు రాయలేను, నువ్వు నన్ను పెంచావు.

ఆ నియమాలన్నీ గీతలు పడకుండా ఉండడానికి రాసినవి. నువ్వు మడి అనుకున్నావని తెలిసి కూడా ఊరుకున్నాను. నా వస్తువు పదిలంగా ఉంటుందన్న స్వార్థమే, ఇంకేం లేదు. రికార్డు పోతే పోయింది పిన్నీ. సీతారామయ్య దాని మీద జీవితాంతం మరమరాలు తిన్నా నాకిప్పుడు ఫర్వాలేదు. నాలుగూళ్ళ జనం మధ్య, ఆ ఇంగ్లీషు వచ్చిన పిల్ల అసలు అర్థం చెప్పేసరికి, నువ్వు మడి చీరలో తలవంచుకుని నిలబడితే ఆ బొమ్మని నేను చచ్చేదాకా మరిచిపోలేను. నిన్ను చూసి ఒక్కరు నవ్వినా ఆ పాపం నాదే.

నాకు జ్వరమని చెప్పి అన్నీ మాన్పించు. నాకు జ్వరం నిజంగానే వచ్చేలా ఉంది.

తప్పు చేసిన
బుల్లిబాబు

*

టెలిగ్రాం
బొంబాయి, 28 నవంబరు 1974

రికార్డు వేయవద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దు. వివరాలు ఉత్తరంలో. బుల్లిబాబు.

*

తెల్లాపూర్
3 డిసెంబరు 1974

బుల్లిబాబుకి,

దీవెనలు చివర్లో, మిగిలితే.

పౌర్ణమి నాడు పొద్దున్నే టెలిగ్రాం వచ్చింది. టెలిగ్రాం అనగానే నేను విప్పకుండానే శోకాలు మొదలుపెట్టాను. కిష్టమ్మ నాకంటే గట్టిగా ఏడ్చింది, నువ్వెవరో ఆవిడకి సరిగ్గా తెలియదు కూడా. మీ బాబాయి డ్యూటీలో ఉన్నారు. పక్కనే పూలు కడుతున్న త్రిపుర అందుకుని ఆ ఇంగ్లీషు చదివింది. ఒక్క క్షణం ఆలోచించి, "ఏం లేదు పిన్నిగారూ. రికార్డు వేయండి, ఎట్టి పరిస్థితుల్లోనూ వేయండి అని రాశారు" అంది. నాకు ప్రాణం లేచొచ్చి, చూడు నా బిడ్డకి ఎంత తాపత్రయమో అని వచ్చినవాళ్ళందరికీ టెలిగ్రాం మడత విప్పకుండా చూపించాను.

సాయంత్రానికి వాకిలి నిండిపోయింది. పుప్పాలగూడ నుంచి రెండు బళ్ళు కట్టుకుని వచ్చారు. కాలనీ ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని చాపల మీద కూర్చున్నారు. బాలనర్సయ్య వేపచెట్టుకి హారను కట్టాడు. నేను తడిబట్టతో రికార్డు తెచ్చి, ఇతని చేతికి ఎలా ఇవ్వడమా అని తటపటాయించాను. అతను చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, రెండు అరచేతులతో అంచులు మాత్రమే పట్టుకుని, ఊపిరి తగలకుండా తల పక్కకి తిప్పుకున్నాడు. "మాకు గిదే మడి అమ్మా" అన్నాడు. నాకంటే నియమంగా చేశాడురా. ఇచ్చేశాను.

మీట ఎక్కడుందో ఏమో, మొదట సన్నగా కీచుకీచుమని పరుగెత్తింది. పసిపిల్లల భజన కాబోలని అందరూ మురిసిపోయారు. బాలనర్సయ్య నాలిక కరుచుకుని మీట తిప్పాడు. అప్పుడొచ్చింది అసలు గొంతు. బుల్లీ, ఆ గొంతు వినగానే వాకిలంతా సద్దుమణిగింది.

త్రిపుర అర్థం చెప్పడం మొదలెట్టింది. "పొద్దున్నే లేచాను, ప్రభూ, పక్కన నువ్వు లేవు. పొద్దున్నే లేచాను, ప్రభూ, పక్కన నువ్వు లేవు." వాళ్ళు కూడా పల్లవి రెండుసార్లు పాడతారని యజ్ఞనారాయణ గారు ఎంతో మెచ్చుకున్నారు. రెండో పాటకి "నీ గుడి తలుపులు మూసేశారు, నా దాహం తీరేదెలా" అంది. మూడోది సంసారమనే చెరసాల. నాలుగో పాటకి "ఇంటివాడు నన్ను ఖాళీ చేయమన్నాడు, ఈ దేహం అద్దె కొంప" అనేసరికి కిష్టమ్మ లేచి నిలబడి, "నేనెప్పుడన్న నిన్ను ఖాళీ జెయ్యమన్ననా పుణ్యమ్మా? గందరి ముంగట గట్ల చెప్పిస్తవా?" అని పరేషానైపోయింది. అది వేదాంతం అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక పాటలో మాటల్లేకుండా అయిదు నిమిషాలు ఆ తంబురా ఒకటే గోల పెట్టింది. అర్థమేమిటని అందరూ త్రిపుర వంక చూశారు. "ఇది ధ్యానం. కళ్ళు మూసుకోండి" అంది. మూడువందల మంది కళ్ళు మూసుకున్నారు. దొడ్లోంచి కిష్టమ్మ బర్రె కూడా శ్రుతి కలిపింది. కళ్ళు తెరిచేసరికి యజ్ఞనారాయణ గారి ఉత్తరీయం తడిసిపోయి ఉంది. "ఇంత ఆర్ద్రత మనవాళ్ళలో కూడా అరుదండీ" అన్నారు. రెండోవైపు అయిదో పాట అవగానే బ్యాటరీ అయిపోయిందన్నారు. అంతా మంగళం పాడి, ప్రసాదాలు తీసుకుని, నా కాళ్ళకి దణ్ణాలు పెట్టి వెళ్ళారు.

ఆ మర్నాడు వచ్చింది నీ ఉత్తరం.

రెండుసార్లు చదివాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. నీ మీద కోపం వచ్చిందా అంటే వచ్చింది, చాలా వచ్చింది. నాకు తెలియదని నువ్వు ఆడుకున్నావనిపించింది. త్రిపురని పిలిపించి ఉత్తరం చేతిలో పెట్టి, "ఇది నిజమేనా?" అని అడిగాను. ఆ పిల్ల చదివి, నా కాళ్ళ దగ్గర కూర్చుని, అంతా ఒప్పుకుంది. తనకి మొదటిరోజే తెలుసుట. అట్ట వెనకాల పేర్లు చదివి నవ్వాపుకోలేక పమిట అడ్డం పెట్టుకుందిట. రేడియోలో అటువంటి పాట ఒక్కటి దొరికితే చెవి ఆనించి వింటుందిట, వాళ్ళ నాన్నగారు పూజలో ఉన్నప్పుడు. పన్నెండు పాటలు ఒక్కచోట, హారనులో, వినే అదృష్టం మళ్ళీ రాదని టెలిగ్రాం తిరగేసి చదివిందిట. మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వకుండా చూసే పూచీ నాదనుకున్నాను పిన్నిగారూ అంది.

"మరి మొదటి పాటలో అసలేం పాడాడమ్మా?" అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పింది. పెళ్ళాం వెళ్ళిపోయింది, పక్క చల్లగా ఉంది, కాఫీ ఒక్కడికే కలుపుకున్నాడు.

మేమలా ఉండగానే కిష్టమ్మ చల్లచెంబుతో వచ్చి ఇదంతా విన్నది. దాచేందుకేముంది, ఆవిడకీ చెప్పేశాం. ఆవిడ చెంబు కింద పెట్టి, "నాకు నిన్ననే ఎరుకైంది తీ. దేవునికి ఏడ్చేటోడు గట్ల ఏడ్వడు. మా ఆయన పోయిన తెల్లారి నేను గట్లనే ఏడ్చిన" అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇగ బంతిపూలు తేవాల్నా వద్దా, గది జెప్పు" అంది.

నేను తెమ్మన్నాను. ఎవరూ నవ్వలేదురా బుల్లీ. నీ స్వార్థం వల్ల నాకు అవమానం జరగలేదు, మనుషులు దొరికారు. కానీ మళ్ళీ ఎప్పుడూ నాకు అబద్ధం చెప్పకు. నీకు ప్రాణమైనది ఏదైనా సరే, సారా పాటైనా సరే, ఇది నాకిష్టం పిన్నీ అంటే చాలు, అంతే మడిగా దాచిపెడతాను. రికార్డు ఇంకా దేవుడి గదిలోనే ఉంది. నువ్వు వచ్చి, తలస్నానం చేసి, తడిపంచెతో నీ చేత్తోనే తీసుకోవాలి. అదే నీకు శిక్ష. వస్తే త్రిపురని చూసినట్టూ ఉంటుంది. యజ్ఞనారాయణ గారికి మాత్రం అసలు సంగతి తెలియదు, ఆయన ఇప్పటికీ ఆ పల్లవులు పాడుకుంటూ ఆఫీసుకి వెళుతున్నారు.

దీవెనలు మిగిలాయి, పుచ్చుకో.

నీ పిన్ని

త్రిపుర ఏదో చీటీ ఇచ్చింది, ఇందులోనే పెడుతున్నాను. నేను చదవలేదు. చదివానులే.

(చీటీ)

బుల్లిబాబు గారికి,

మీరు చెప్పింది ఒక్క అబద్ధం. మీ మూలంగా నేను మైకులో చెప్పినవి పదకొండు. పైగా లేని దగ్గుకి ఎనిమిది గ్లాసుల మిరియాల కషాయం తాగాను. ఇవి నా వైపు నుంచి ఫిర్యాదులు.

బ్యాటరీ అయిపోలేదు. రెండోవైపు చివరి పాట మొదటి లైను వినగానే దాన్ని ఏ భగవంతుడికీ అంటగట్టలేనని తెలిసి, బాలనర్సయ్యకి కనుసైగ చేశాను. కానీ మా నాన్నగారికి లెక్క తెలుసు. "పన్నెండో పాట మిగిలిపోయిందమ్మా, ఆ పుణ్యాత్ముడు వచ్చినప్పుడు ఆయన నోటనే అర్థం వింటాను" అని పట్టుబట్టి కూర్చున్నారు. పెళ్ళిమాటలు ఆ తరవాతేనట.

నాకు ఆ పాటే అన్నిటికంటే నచ్చింది.

బాలాత్రిపురసుందరి

*

టెలిగ్రాం
బొంబాయి, 9 డిసెంబరు 1974

రేపటి బండికి బయలుదేరుతున్నాను. తడిపంచె సిద్ధం చేయి. పన్నెండో పాట అర్థం షోలాపూరు లోపల దొరకకపోతే పెళ్ళికూతురిని ఏదైనా ఆలోచించమను. బుల్లిబాబు.